తేమ మీటరు దాచిన మాట

అనంతపురం,
నవంబరు 21

ప్రియ మిత్రమా,

నీవు రాసిన రెండు ఉత్తరాలకూ ఇంతకాలం జవాబివ్వనందుకు మన్నించు. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది, పిల్లలు బాగున్నారు, ఇల్లు ఇంకా మారలేదు. ఇక అసలు సంగతికి వస్తాను, ఇది నీకు చెప్పేదాకా నా మనసు నిలవదు.

కిందటి నెలలో మా మిల్లు నుంచి చెన్నైకి పంపిన వేరుశనగ పప్పు లారీ ఒకటి వెనక్కి వచ్చింది. గోనె సంచి విప్పగానే బూజు వాసన కొట్టిందట. తేమ మిగిలిన పప్పులో పెరిగే ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయింది ఆ విషం చేరిన వేరుశనగ దాణా తినే. అందుకే నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆఫీసులో కొందరు హమాలీలను, కొందరు డ్రైవరును, ఇంకొందరు టార్పాలిన్‌ను తప్పుపట్టారు. రిజిస్టరులో చూస్తే ఆ లాటు తేమ 6.3 శాతం, మా హద్దు 7. కాగితం ప్రకారం తప్పు ఎవరిదీ కాదు.

టొయోటా కార్ల కంపెనీలో తైయిచి ఓనో అనే ఇంజనీరు అలవాటు చేసిన పద్ధతిలో, తప్పుకు మూలం దొరికేదాకా "ఎందుకు" అని అయిదుసార్లు అడగడానికి కూర్చున్నాం. రెండో ప్రశ్నకే మనుషుల పేర్లు బయటికి వస్తుంటే నేను ఆపాను. అప్పుడు గ్రాఫు కాగితం తెచ్చి, రెండు నెలల తేమ సంఖ్యలను రోజుకొక చుక్కగా పెట్టి, నడుమ సగటు గీత గీశాను. 1924లో షూహార్ట్ అనే ఇంజనీరు ఒక్క పేజీలో గీసి చూపిన పటం పద్ధతే ఇది. అందులో వరుసగా ఎనిమిది చుక్కలు గీతకు ఒకే పక్కన పడితే ఏదో మారిందని అర్థం. మా పటంలో పదకొండు చుక్కలు గీత కిందే ఉన్నాయి. ఆ వారాల్లో మాకు వాన పడుతూనే ఉంది. వానల్లో పప్పు మరింత ఎండిపోవడమేమిటి?

తేమ కొలిచే మీటరు మీదే అనుమానం వచ్చి, పప్పు నలగగొట్టి, అయిదు గ్రాములు తూచి, 103 డిగ్రీల ఓవెనులో పెట్టి, బరువు ఇక తగ్గనంత వరకు మళ్లీ మళ్లీ తూచాను. తగ్గిన బరువే తేమ; అది 8.1 శాతం వచ్చింది. అదే పప్పుకు మీటరు 6.4 చూపింది. విచారిస్తే, సెప్టెంబరులో మీటరు బల్ల మీద నుంచి కింద పడిందని, దీపం వెలుగుతోంది కదా అని అలాగే వాడారని తేలింది. పడిన మీటరును సరిచూడవలసిన బాధ్యత ఎవరికీ అప్పగించలేదు; అదే మా అయిదో జవాబు. కొలిచే సాధనం చెడిందని తెలిస్తే, అంతకుముందు దానితో కొలిచినవి చెల్లుతాయో లేదో కూడా చూడాలని నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 9001 చెబుతుంది. అందుకని మీటరు పడిన నాటి నుంచి గోడౌనులో మిగిలిన లాట్లన్నీ మళ్లీ కొలుస్తున్నాం. యజమాని ఖర్చుకు జంకినా చివరికి ఒప్పుకున్నాడు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మరొకటి. కాయలు ఏరే పెద్దమ్మ ఆ లాటు దించిన రోజే గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపి, "ఇది గలగల అనడం లేదు నాయనా, పచ్చిమీదుంది" అన్నదట. ముప్పై ఏళ్ల అనుభవం పలికిన ఆ మాటను రాసుకోవడానికి మా రిజిస్టరులో గడే లేదు. ఇప్పుడు ఒక గడి గీశాం. పెద్దమ్మ చెబుతుంది, గుమాస్తా రాస్తాడు, ఆ మాటకూ మీటరుకూ పొసగని లాటును ఓవెను తేల్చేదాకా పక్కన పెడతాం. మీటరును సోమవారం సోమవారం సరిచూసి, దాని మీద తేదీ చీటీ అంటిస్తున్నాం. పటం గోడ మీదే ఉంది, నిన్న పెద్దమ్మ వచ్చి చుక్కలు చూసి, "ఇవి వాన చుక్కలా" అని అడిగితే, నేను ఆమెకు

గేటు దగ్గర కదిరి లారీ వచ్చి ఆగింది, శాంపిలు తీయాలి. మిగతాది రేపు రాస్తాను.

నీ మిత్రుడు