‘ఇంటి వద్దే సంపాదన’ ప్రకటనలను సరిచూసి వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను రాజమహేంద్రవరం తాడితోటలో ఒక టోకు బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. పదమూడేళ్లుగా అక్కడే. పొద్దున పదింటికి వెళితే రాత్రి ఎనిమిదింటికి తాళాలు వేస్తారు. ఆదివారం సెలవు. జీతం పదహారు వేలు. మా ఆయన అద్దె కారు నడుపుతారు. పెళ్లిళ్లు, యాత్రలు ఉన్న నెల ఒకలా, లేని నెల ఒకలా ఉంటుంది ఆయన రాబడి. అమ్మాయి పాలిటెక్నిక్ రెండో సంవత్సరం, అబ్బాయి తొమ్మిదో తరగతి. ఎంత ఆచితూచి ఖర్చు పెట్టినా నెలకు నాలుగు వేలు తక్కువ పడుతుంది. ఈ వివరాలు జాలి కోసం రాయడం లేదు. ఆ నాలుగు వేల కోసం వెతుక్కునే మనిషి పొద్దున్నే పత్రిక అందుకుని ముందు ఏ పేజీ తిప్పుతుందో మీకు తెలియాలని రాస్తున్నాను. చిన్న ప్రకటనల పేజీ.

2023 జూన్‌లో, అమ్మాయి పదో తరగతికి వచ్చినప్పుడు, అలాంటి ఒక ప్రకటన చూశాను. ఏ పత్రికలోనో చెప్పను. ఇలాంటివి ఒక్క పత్రికలోనే చూశానని కూడా చెప్పలేను. ‘ఇంటి వద్దే కంప్యూటర్ పని. నెలకు 15,000 నుంచి 25,000. గృహిణులు, ఉద్యోగులు అర్హులు. అనుభవం అవసరం లేదు.’ కింద ఒక ఫోను నంబరు. ఊరు లేదు, సంస్థ పేరు లేదు. ఫోను చేస్తే ఒక అమ్మాయి చాలా మర్యాదగా, మంచి తెలుగులో మాట్లాడింది. నమోదు రుసుము 2,500 కట్టాలి, మొదటి నెల జీతంతో కలిపి తిరిగి ఇచ్చేస్తామంది. పత్రికలో వచ్చింది కదా అనుకున్నాను. అచ్చులో ఉన్నది ఎవరో ఒకరు చూసే వేసి ఉంటారని నా నమ్మకం. కట్టాను.

అయిదు రోజుల్లో 500 ఫారాలు పూర్తి చేయాలన్నారు. పేర్లు, చిరునామాలు, అప్పు వివరాలు మసకమసకగా ఉన్న బొమ్మల్లో కనిపిస్తాయి. వాటిని చూసి టైపు చేయాలి. నూటికి తొంభై సరిగ్గా ఉండాలి. దుకాణం నుంచి వచ్చి, వంట చేసి, పిల్లలు పడుకున్నాక పక్కింటివాళ్ల కంప్యూటర్ అడిగి తెచ్చుకుని రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను. నాలుగో రోజు రాత్రి వాళ్ల సైటు తెరుచుకోలేదు. అయిదో రోజు సాయంత్రం ‘మీ పనిలో తప్పులు ఎక్కువ, ఒప్పందం ఉల్లంఘించారు’ అని సందేశం వచ్చింది. మరో రెండు రోజులకు ఒక న్యాయవాది పేరుతో నోటీసు ఫోనుకు వచ్చింది. 6,200 కట్టకపోతే కోర్టుకు రావాలట. ముందు నేను చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కిన కాగితం దానికి జోడించారు.

ఆ వారం నేను దుకాణంలో ఎన్ని లెక్కలు తప్పు వేశానో నాకే తెలుసు. పోలీసులు ఇంటికొస్తారేమోనని వీధి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. మా ఆయనకు చెప్పలేదు. చీటీ పాటకు దాచిన డబ్బులోంచి ఆ 6,200 కూడా కట్టేశాను. మొత్తం 8,700. అది నా సగం జీతం కన్నా ఎక్కువ.

ఆ నోటీసు ఉత్తదని, ఇది ఎంతోమందిపై ప్రయోగిస్తున్న పాత ఎత్తేనని నాకు చాలా నెలల తర్వాత తెలిసింది. సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరుకు ఫోను చేసి ఉంటే, అదీ డబ్బు పంపిన గంటల్లోనే చేసి ఉంటే, ఆ సొమ్ము వాళ్ల ఖాతా దాటకుండా ఆపే వీలుండేది. ఆలస్యమైన కొద్దీ అది ఒక ఖాతాలోంచి మరో ఖాతాలోకి వెళ్లిపోతుంది. నాకు ఆ నంబరే తెలియదు. తెలిసి ఉన్నా సిగ్గుతో చేసేదాన్ని కానేమో. అక్షరాలు వచ్చిన మనిషిని, పదేళ్లు లెక్కలు రాసినదాన్ని, నేనెలా మోసపోయానని ఎవరికి చెప్పుకోను? ఇలా నోరు మెదపనివాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారని ఇప్పుడు తెలుసు. నేను చెప్పడం మొదలుపెట్టాక మా వీధిలోనే ముగ్గురు తమ సంగతి చెప్పారు. ఒకామెది ఇదే కథ. మిగతా ఇద్దరికీ వీడియోలు చూస్తే డబ్బు అన్నారట. మొదట రెండు వందలు నిజంగానే ఖాతాలో వేశారు. తర్వాత ‘పెద్ద పని’ కోసం వేలు కట్టించుకున్నారు.

ఆ తర్వాత నాకు దొరికిన నిజమైన పని గురించి కూడా చెప్పాలి.

పెళ్లికి ముందు, 2004లో, నేను డీటీపీ నేర్చుకున్నాను, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చి అచ్చుకు పేజీలు తయారుచేయడం. పేజీలు కట్టే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అనూ ఫాంట్లు, వాటిని కొట్టే ఆపిల్ కీబోర్డు అమరిక. రెండేళ్లు ఒక సెంటర్‌లో పనిచేసి మానేశాను. పిల్లలు, ఇల్లు, దుకాణం, వీటి నడుమ అది నాకొచ్చిన పని అనే మాటే మరిచిపోయాను. 2023 దసరాకు మా దుకాణం కరపత్రాలు వేయించడానికి ఇన్నీసుపేటలోని ప్రెస్సుకు నన్ను పంపారు. అక్కడ కుర్చీ ఖాళీగా ఉంది. తెలుగు కూర్చేవాళ్లు దొరకడం లేదని ప్రెస్సు బాబాయిగారు బాధపడుతున్నారు. ఫోనులో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే పిల్లలు ఉన్నారు గానీ, వత్తులు, అరసున్నలు ఉన్న పద్యాల పుస్తకం అప్పగిస్తే నిలబడేవాళ్లు లేరట. “కీబోర్డు గుర్తుందా అమ్మా?” అని అడిగారు. కూర్చున్నాను. మొదటి పేజీకి ముప్పావుగంట పట్టింది. మూడో పేజీకి వేళ్లు వాటంతటవే వెళ్లాయి. సుమారు పదిహేడేళ్ల తర్వాత.

మొదట ఆదివారాలు అక్కడికే వెళ్లి చేసేదాన్ని. ఆరు నెలలకు తొమ్మిది వేలకు పాత కంప్యూటర్ ఒకటి కొన్నాను. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర వరకు ఇంట్లోనే. పేజీకి ముప్పై రూపాయలు, దిద్దుబాట్లతో కలిపి. శుభలేఖకు నూట యాభై. బడుల ప్రశ్నపత్రాలు, భజన మండళ్ల పుస్తకాలు, రిటైరైన మాస్టార్ల శతకాలు కూరుస్తాను. పాత అనూ ఫైళ్లను, ఏ ఫోనులోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వమనేవాళ్లు ఈ మధ్య పెరిగారు. మార్చినప్పుడు వత్తులు అటూ ఇటూ అవుతాయి. పేజీ పేజీ కళ్లతో చూసి దిద్దుకోవాలి. ఫోనుకు చెబితే అదే రాసేస్తుంది కదా, ఇంకా నీకెందుకు డబ్బు అనేవాళ్లూ ఉన్నారు. అలా ఫోను రాసిన మ్యాటరు దిద్దమని నా దగ్గరికే వస్తారు.

శుభలేఖలో తప్పు పోతే అది జీవితాంతం ఆ ఇంట్లో ఉంటుంది. నిరుడు ఉగాది దాటాక ఒక శుభలేఖ పాత ఫైలు మీదనే కూర్చి ఇచ్చారు. విశ్వావసు నామ సంవత్సరం అని ఉండాల్సిన చోట ‘క్రోధి’ అలాగే ఉండిపోయింది. ప్రూఫులో పట్టుకున్నాను. అర్ధరాత్రి దాటిన ముహూర్తాలతో ఇంకా ఇబ్బంది. ‘బుధవారం రాత్రి 2.40, తెల్లవారితే గురువారం’ అని వేస్తాం. కింద ఇంగ్లిషు తేదీ ఏది వేయాలో చూసుకోకపోతే సగంమంది బంధువులు ఒకరోజు ఆలస్యంగా వస్తారు. అందుకే తేదీ, వారం, తిథి మూడూ పంచాంగంతో సరిచూడనిదే నేను ఫైలు పంపను. ఇది చూసే బాబాయిగారు మరో రెండు ప్రెస్సులకు నా గురించి చెప్పారు. నేను ఎక్కడా ప్రకటన ఇవ్వలేదు.

డబ్బు విషయం దాచకుండా చెబుతాను, ఎందుకంటే అసలు అబద్ధాలన్నీ అక్కడే ఉన్నాయి. మంచి నెలలో నాకు వచ్చేది అయిదు, ఆరు వేలు. కిందటి నవంబరు చివరి నుంచి ఈ ఫిబ్రవరి మధ్య దాకా శుక్ర మూఢం. పెళ్లిళ్లు లేవు, శుభలేఖలు లేవు. ఒక నెల 900 వచ్చాయి. ఈ పరాభవలో అధిక జ్యేష్ఠం వస్తోంది, మళ్లీ ఖాళీ. ఆషాఢం సంగతి వేరు. ప్రెస్సులో పని ఉండదు గానీ, చిల్లర దుకాణాలవాళ్లు తగ్గింపు అమ్మకాలకు మా దగ్గర సరుకు ఎత్తుతారు కాబట్టి దుకాణంలో ఊపిరి సలపదు. శ్రావణంలో రెండూ మీద పడతాయి. ఆ నెల నేను నిద్రకు నోచుకోను. కుడి మణికట్టుకు పట్టీ వేసుకునే టైపు చేస్తాను. నెలకు పాతిక వేలు, అనుభవం అక్కర్లేదు, రోజుకు రెండు గంటలు చాలు అని ఎవరైనా అచ్చు వేస్తే నాకు కోపం రావడానికి కారణం ఇదే. నాకు అనుభవం ఉంది, రోజుకు రెండు గంటలే కాక ఆదివారాలు కూడా కూర్చుంటాను, మంచి నెల అయితే ఆరు వేలు.

అయినా ఆ ఆరు వేలు నా ఇంటిని నిలబెట్టాయి. చేయవద్దని ఎవరికీ చెప్పను. నన్ను అడిగేవాళ్లకు ఒకటే చెబుతాను. మీరు ఎప్పుడో నేర్చుకుని పక్కన పెట్టిన పని ఏదైనా ఉందేమో ముందు చూసుకోండి. తర్వాత మిమ్మల్ని ఎరిగినవాళ్లకు నోరు విప్పి చెప్పండి. మా వెనక వీధిలో ఒకామె పగలు ఆస్పత్రిలో ఆయా, సాయంత్రం చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఇంకొకరు ఊరగాయలు పెట్టి అమ్ముతారు. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత నమోదు తీసుకోవాలని ఆమెకు తెలియదు. చిన్న వ్యాపారానికి ఏడాదికి వంద రూపాయలే రుసుము అని తెలిశాక తీసుకుంది. దానివల్ల ఒక బడి క్యాంటీన్ ఆమె దగ్గర కొనడం మొదలుపెట్టింది. ఇప్పటికే ఉద్యోగం ఉన్నవాళ్లు రెండో పని గురించి మొదటి యజమానికి చెప్పే చేయడం మంచిది. నేను మా సేటుగారికి చెప్పాను. దుకాణం లెక్కలు తప్పకపోతే తనకేమీ అభ్యంతరం లేదన్నారు. అందరికీ ఇంత సులువు కాదు. నియామక పత్రంలోనే వేరే పని చేయకూడదని రాసుకునే సంస్థలు ఉన్నాయి. బడుల్లో పాఠాలు చెప్పేవారు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది.

మా దుకాణంలో సరుకు చూపించే కుర్రవాడు ఉన్నాడు, ఇరవై మూడేళ్లు. రోజంతా నిలబడి, రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను తెరిచి పన్నెండు దాకా మోటారు సైకిలుపై భోజనాలు చేరవేస్తాడు. వర్షాకాలంలో ఒకసారి జారి పడి మోచేయి చీరుకుపోయింది. మర్నాడు పదింటికి మళ్లీ దుకాణంలో ఉన్నాడు. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం ఇలాంటి గిగ్ పనివారు, అంటే నెల జీతం కాకుండా చేసిన పనికి ఇంత అని తీసుకునేవారు, 2020–21 నాటికే దేశంలో 77 లక్షలు. 2029–30 నాటికి 2.35 కోట్లు అవుతారని అంచనా. ఆ కుర్రవాడిని చూసినప్పుడల్లా నాకు ఆ అంకె గుర్తొస్తుంది. మా సేల్స్ కుర్రవాడి లాగా ఒక జీతం చాలక రెండో పని వెతుక్కునేవాళ్లు ఎందరో. పొద్దున్నే చిన్న ప్రకటనల పేజీ తిప్పే చేతులు ఇంకా పెరుగుతాయి.

అందుకే ఈ లేఖ. ప్రకటనల పేజీ అడుగున ‘ప్రకటనల్లోని విషయాలకు పత్రిక బాధ్యత వహించదు, పాఠకులే విచారించుకోవాలి’ అని ఒక వాక్యం ఉంటుంది. అక్షరాలు కూర్చేదాన్ని కాబట్టి చూడగానే తెలుస్తుంది, అది ఆరు పాయింట్లలో, అంటే కంటికి ఆనని చిన్న సైజులో ఉంటుంది. ‘నెలకు 25,000’ పద్నాలుగు పాయింట్లలో, ముద్దగా ఉంటుంది. ప్రెస్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం ప్రకటనలతో సహా పత్రికలో వచ్చే ప్రతిదానికీ సంపాదకులదే బాధ్యత, ఆ బాధ్యత వద్దనుకుంటే ముందుగా స్పష్టంగా చెప్పాలి. ఆరు పాయింట్లలో చెప్పడం స్పష్టంగా చెప్పడమవుతుందా? మా అత్తగారు భూతద్దంతో కూడా దాన్ని చదవలేకపోయారు.

పని ఇస్తామనే ప్రకటన ఇచ్చేవారి సంస్థ పేరు, చిరునామా, రుజువు తీసుకోకుండా వేయవద్దు. ఫోను నంబరు ఒక్కటే ఉన్నది అసలే వద్దు. డబ్బు తీసుకునే ముందు మీ ప్రకటనల విభాగంవాళ్లు ఆ నంబరుకు ఒక్కసారి ఫోను చేసి, పనిలో చేరడానికి ఏమైనా కట్టాలా అని అడిగితే చాలు. రెండు నిమిషాల పని. కట్టాలి అంటే ఆ ప్రకటన తిప్పి పంపండి. దానివల్ల పత్రికకు కొంత రాబడి పోతుందని నాకు తెలుసు. ఒక్కో ప్రకటనకు మీకు వచ్చేది వందల్లో ఉంటుంది, దాని వల్ల ఒక్కో ఇంట్లో పోయేది వేలల్లో.

ఇంకొకటి కూడా అడుగుతాను. ఆ పేజీలోనే ఒక పెట్టె కట్టి, ప్రతిరోజూ పెద్ద అక్షరాల్లో 1930 వేయండి. పని ఇచ్చేవారు మీ దగ్గర డబ్బు అడిగితే కట్టవద్దని, కట్టేసి ఉంటే సిగ్గుపడకుండా వెంటనే ఈ నంబరుకు చెప్పమని, న్యాయవాది నోటీసంటూ బెదిరిస్తే భయపడి మళ్లీ కట్టవద్దని రాయండి. రెండు కాలమ్‌ల వెడల్పు, ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది. ఆ పెట్టె నేను కూర్చి, ప్రూఫు చూసి, మీరు అడిగిన ఫాంటులో పంపుతాను. దానికి నాకు డబ్బు వద్దు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రాజమహేంద్రవరం
(ఆ 8,700 సంగతి మా ఆయనకు ఇప్పుడు తెలుసు గానీ మా అమ్మకు తెలియదు. నా పేరు వేయవద్దని మనవి.)