2025 వార్షిక నివేదిక: ఉక్రెయిన్ సైనికుల సహాయ నిధి

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మీ విరాళాల్లో పెద్ద భాగం డ్రోన్ల రేడియో సంకేతాలను చెడగొట్టే జామర్లకు కాక, డ్రోన్లకు అడ్డంగా కట్టే వలలకు, గాయాలకు వాడే సామగ్రికి ఖర్చు పెట్టాం. ఎందుకలా మళ్లించామో మీకు వివరంగా చెప్పాలి.

జామర్ అడ్డుకునేది రేడియో సంకేతాన్ని. 2024 నుంచి రష్యా దళాలు సన్నని ఆప్టికల్ ఫైబర్ తీగతో నడిచే ఎఫ్‌పీవీ డ్రోన్లను (డ్రోన్ కెమెరా దృశ్యం చూస్తూ నడిపేవాటిని) విరివిగా దించాయి. 10 నుంచి 20 కిలోమీటర్ల తీగ చుట్టను డ్రోనే మోసుకుంటూ, విప్పుకుంటూ పోతుంది. అందులో రేడియో లేదు కనుక జామర్ దాన్ని ఆపలేదు, సంకేతాలు పసిగట్టే డిటెక్టరుకూ అది దొరకదు. రేడియోతో నడిచేవి కూడా తరచూ బ్యాండ్ (రేడియో తరంగాల పరిధి) మారుస్తాయి. నిధి పోగై, సరుకు చేరేలోగా ఆ జామర్ పాతబడిపోతుంది. అందుకే తమ ఎదుట ఇప్పుడు ఏ బ్యాండ్లు నడుస్తున్నాయో దళం రాసి పంపితేనే కొంటున్నాం. ప్రతి పెట్టెలో ఒక హెచ్చరిక కాగితం కూడా పెడుతున్నాం: యాంటెన్నా బిగించకుండా స్విచ్ వేస్తే యాంప్లిఫయర్ కాలిపోతుంది.

తీగ డ్రోన్‌నైనా వల ఆపుతుంది. ఉక్రెయిన్‌లోని ఖేర్సన్‌లో, దొనెత్స్క్ ప్రాంతపు రోడ్ల మీద స్తంభాలు పాతి, తీగలు లాగి, పైనా పక్కలా వల కప్పుతున్నారు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ జాలరులు వాడేసిన వలలు కూడా ఇందుకే వెళ్లాయి. మూట కట్టేముందు సీసపు గుండ్లు, బెండ్లు కోసెయ్యాలి, వల బాగా ఆరాలి. తడి వలకు రవాణా ఖర్చు వృథా. వల కన్ను పెద్దదైతే డ్రోన్ దూరిపోతుంది. మరీ చిన్నదైతే గాలికీ మంచుకూ బరువెక్కి స్తంభాలు ఒరుగుతాయి. మొదటి డ్రోన్ పేలి కన్నం చేస్తే రెండోది అందులోంచి వస్తుంది. కాబట్టి ప్రతి మూటతో అతుకు ముక్కలు, దారం, వల అల్లే సూదులు తప్పనిసరి. వల వేయడం కంటే దాన్ని నిలబెట్టుకోవడమే కష్టమని ఇక్కడ బలంగా చెబుతున్నాం.

వైద్య సామగ్రి విషయం ఇంకా బాధాకరం. రోడ్లను డ్రోన్లు కాపు కాయడంతో గాయపడినవాళ్లను తరలించడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతోంది. టోర్నికే (రక్తస్రావం ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీ) 2 గంటలు దాటి బిగించి ఉంచితే అవయవానికి ముప్పు పెరుగుతూ పోతుంది. అందుకే టోర్నికేలతో పాటు రక్తం గడ్డకట్టించే గాజ్ గుడ్డ, ఒత్తిడి కట్లు కూడా పంపాం. వీలైనచోట టోర్నికే తీసి కట్టుకు మారాలంటే ఇవి ఉండాలి, మారడం తెలిసిన చేతులూ ఉండాలి. నకిలీ టోర్నికేల్లో తిప్పే కడ్డీ వంగుతుంది, వెల్‌క్రో ఊడుతుంది. ప్రతి విడత నుంచి కొన్ని తీసి గట్టిగా తిప్పి చూశాం. అలా పరీక్షించినవాటిని మళ్లీ పెట్టెలో వేయలేదు. నీలం రంగువి శిక్షణకు మాత్రమే, అసలువాటితో కలపకండి.

ఒక విన్నపం. డ్రోన్ పేరు చెబితే విరాళాలు వస్తాయి. పికప్ బండి టైర్లకు, డీజిల్‌కు రావు. ఆ బండి కదలకపోతే వలా చేరదు, క్షతగాత్రుడూ వెనక్కి రాడు. వచ్చే ఏడాది ప్రతి సేకరణలో కొంత మరమ్మతులకు కేటాయించాలని సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదిస్తున్నాం.

సరుకు అందినట్టు దళం సంతకం చేసిన పత్రాలు కోశాధికారి దగ్గర చూడవచ్చు. ఫొటోలు ఆలస్యంగా పెడుతున్నందుకు నొచ్చుకోవద్దు. వెనక కనిపించే చెట్ల వరుస, ఇంటి కప్పు కూడా దళం ఉన్న చోటును పట్టిస్తాయి.