రంగు వేసే ముందు చెమ్మ సంగతి చూడాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఇల్లు అమ్మదలచుకున్నవారు ముందుగా ఏ మార్పులు చేయించుకుంటే మంచి ధర పలుకుతుందో వివరిస్తూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. వంటగదిలో కొత్త అల్మారాలు, హాలుకు ఫాల్స్ సీలింగ్, ఖరీదైన టైల్స్, గోడలకు మెరిసే రంగులు అంటూ కంటికి కనిపించే పనులన్నీ అందులో ఉన్నాయి గానీ, స్లాబు మీద, గోడల లోపల, నేల కింద ఉండేవాటి గురించి ఒక్క వాక్యమూ లేకపోవడం నాకు బాధ కలిగించింది. ఒక పాత ఇల్లు కొని, పదకొండేళ్లు అందులో కాపురముండి, ఆ తరువాత అమ్మిన అనుభవంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేము కొన్ననాటికి ఆ ఇంటికి రంగులు వేసి నెల కూడా కాలేదు. చేరిన మూడో నెలలో పడకగదిలో బీరువా జరిపి ఊడుస్తుంటే, దాని వెనక గోడ మీద రంగు అరచేయి వెడల్పున ఉబ్బి కనిపించింది. వేలితో నొక్కగానే అది చిట్లి, లోపలినుంచి తెల్లటి ఉప్పు పొడి రాలింది. పుట్టీ పొరలు పొరలుగా ఊడివచ్చాక, దాని కింద ఏళ్లనాటి చెమ్మ మరక బయటపడింది. ఆ గోడకు అవతల ఉన్నది స్నానాలగది. తాపీ మేస్త్రీ వచ్చి చూసి, పైపు అతుకు దగ్గర కారుతున్న నీటిని ఆపకుండానే పుట్టీ పూసి రంగు వేశారని, స్నానాలగదిలో పాత టైల్స్ తీయకుండా వాటి మీదే కొత్తవి అతికించారని చెప్పాడు. అలా అతికించడంవల్ల నేల ఎత్తు పెరిగి, వాటం చెడి, నీళ్లు తూము వైపు పోకుండా గోడ మూలకు చేరి నిలుస్తున్నాయి. అమ్మినవారు పెట్టిన ఖర్చంతా మేము పగలగొట్టించాము, అందుకు మళ్లీ డబ్బు పోశాము. ఇల్లు బాగుచేయించడం అనే మాటకు అంతకన్నా పెద్ద అన్యాయం నేను ఎరుగను.

ఆ గదిని సరిగ్గా చేయించడానికి మూడు వారాలు పట్టింది. టైల్స్, వాటి కింది గచ్చు పూర్తిగా తీయించి, తుప్పుపట్టిన ఇనుప పైపులు మార్పించి, నేలా గోడా కలిసే మూలలను గుండ్రంగా పూయించి, నీరు దిగకుండా ఆపే పూతను నేలమీదే కాక గోడలకు కూడా అడుగు ఎత్తువరకు వేయించాము. పూత ఆరాక, టైల్స్ వేయకముందే, తూము మూసి 24 గంటలపాటు నీళ్లు నిలగట్టి, కింది గది కప్పునూ పక్క గోడనూ తడిమి చూశాము. ఈ ఒక్క పరీక్షకు అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. అయినా తొందరలో చాలామంది దీన్నే వదిలేస్తారు.

చెమ్మ గోడల అందం చెడగొట్టి ఊరుకోదు. స్లాబులోకి దిగిన నీరు లోపలి ఇనుప ఊచలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడిపడుతుంది. ఊడినచోట సిమెంటు మెత్తి సున్నం వేస్తే కొన్నాళ్లకు అదే చోట మళ్లీ ఊడుతుంది. పట్టు విడిచిన కాంక్రీటు మొత్తం తొలగించి, ఊచల తుప్పు గీకి, రక్షణ పూత వేసి, ఆపైన మరమ్మతు చేయాలి. వీటన్నిటికీ ముందు డాబా మీద వాటం సరిచేసి, పిట్టగోడ స్లాబుతో కలిసేచోట పగుళ్లు పూడ్చి, నీరు దిగే దారి మూయాలి.

కరెంటు పని విషయంలోనూ ఇంతే. ఏసీకి, గీజరుకు, ఇంట్లోకి వచ్చే కరెంటును గదులకు పంచే పంపిణీ పెట్టె నుంచి తగినంత మందమున్న విడివిడి వైర్లు, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే సరఫరా ఆపేసే రక్షణ స్విచ్చి ఉన్న ఇంటికి, ఖరీదైన వేలాడే దీపాలున్న ఇంటికన్నా నేనైతే ఎక్కువ ధర పెడతాను.

వంటగది మీద ఖర్చు వద్దని నా ఉద్దేశం కాదు. వెలుతురు, పొగ బయటికి పోయే ఏర్పాటు, వంగకుండా పని చేసుకోగల ఎత్తులో గట్టు ఎవరికైనా కావాలి. కానీ మన అభిరుచికి చేయించుకున్న అలంకరణను కొనేవారు మొదటి నెలలోనే తీయించవచ్చు, పెట్టిన డబ్బంతా ధరలో తిరిగి రావడం అరుదు. అసలే ఎత్తు తక్కువైన గదికి ఫాల్స్ సీలింగ్ వేస్తే అది మరింత ఇరుకుగా కనిపిస్తుంది. హాలు పెద్దది చేయాలని బరువు మోసే గోడను ఇంజినీరును అడగకుండా తీయించడం ప్రమాదం. అనుమతి లేకుండా కట్టిన అదనపు గది, కొనేవారికి బ్యాంకు రుణం అందేవేళ అడ్డుపడుతుంది.

వ్యాసంలో లేని మరొక విషయం చెప్పాలి. గోడలు మూయకముందు పైపులు, వైర్లు ఏ దారిన వెళ్తున్నాయో, టేపు పక్కన పెట్టి కొలతలు తెలిసేలా ఫొటోలు తీయించాను. బిల్లులు, నీళ్లు నిలగట్టిన రోజుల ఫొటోలు అదే ఫైలులో దాచాను. మేము ఇల్లు అమ్మేటప్పుడు చూడవచ్చిన దంపతులు హాలులో ఐదు నిమిషాలు కూడా నిలబడలేదు. ఆ ఫైలు ముందు పెట్టుకుని ముప్పావు గంట కూర్చున్నారు. గోడకు మేకు కొట్టాలంటే పైపు ఎక్కడుందో ముందే తెలుస్తుందని ఆవిడ సంతోషపడ్డారు. బేరం ఆడారు గానీ, మరమ్మతుల పేరు చెప్పి ఒక్క రూపాయి తగ్గించమనలేదు.

ఇళ్ల గురించి వ్యాసాలు ప్రచురించేటప్పుడు ఒక సివిల్ ఇంజినీరుతోనూ, ఒక అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్‌తోనూ రాయించవలసిందిగా మనవి. ఇల్లు కొనబోయేవారు బీరువాల వెనక, సింకు కింద, స్నానాలగది అవతలి గోడమీద ఏమేమి చూసుకోవాలో కూడా వారి చేత చెప్పించగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు