నాలుగు సింఫనీలు, ఒక అతుకుల క్యాసెట్

సికింద్రాబాద్,
ఆదివారం సాయంత్రం.

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు.

ఫోనులో నువ్వు అడిగిన దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక ఉత్తరం రాస్తానన్నాను. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ సింఫనీలు, అదే ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద కృతులు, నాలుగూ కలిపి ఒక రికార్డింగుల పెట్టె కొనాలి, ఎవరిది కొనమంటావని కదా అడిగావు? ముందు ఆ పెట్టె ఆలోచన మానెయ్యి. నాలుగింటినీ ఒకే స్థాయిలో చేసిన కండక్టర్ నాకు ఇంతవరకూ దొరకలేదు. ఒక్కోటి ఒక్కో చోట నుంచి తెచ్చుకోవలసిందే, పచ్చళ్లు ఒకరి దగ్గర, పొడులు ఇంకొకరి దగ్గర తెచ్చుకున్నట్టు.

మీ నాయనమ్మ ఉన్నప్పుడు ఒకసారి టీవీలో ఆర్కెస్ట్రా చూస్తూ, "ఆ మధ్యలో నిలబడినవాడు వాయించడు, పాడడు, మరి ఎందుకే వాడికి అందరికంటే పెద్ద చప్పట్లు?" అని అడిగింది. కండక్టర్ అన్నానని టికెట్లు ఎక్కడ ఇస్తాడని కూడా అడిగిందిలే. ఆ మొదటి ప్రశ్న మాత్రం చిన్నది కాదు. స్వరాలన్నీ బ్రామ్స్ రాసిపెట్టినవే. మన పాటకచేరీలోలాగా అప్పటికప్పుడు నెరవు వేసే వీలు లేదు, సంగతులు పెంచే వీలు లేదు. అయినా ఒకరి చేతిలో నలభై నిమిషాలకు ముగిసేది ఇంకొకరి చేతిలో నలభై అయిదు దాటుతుంది. ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలి, ఏ వాద్యాన్ని పైకి తేవాలి, ఎంతసేపు ఆగాలి, ఇవన్నీ ఆ వాయించనివాడి చేతిలోవే.

నా సంగతి చెబుతాను. 1984లో బొంబాయి ఫోర్టులో బ్యాంకు ఉద్యోగం. కాలాఘోడా దగ్గర రిథమ్ హౌస్ ఉండేది, 2016లో మూసేశారు. అక్కడ గదుల్లాంటి చిన్న అరల్లో నిలబడి విని, నచ్చితే కొనుక్కోవచ్చు. జీతం వచ్చిన శనివారం నాలుగవ సింఫనీ క్యాసెట్ కొన్నాను. కార్లోస్ క్లైబర్, వియన్నా ఫిల్హార్మోనిక్, 1980లో చేసిన రికార్డింగు. నేనేమీ వెతికి ఎంచుకోలేదు. ఆ పూట బ్రామ్స్‌ది వాళ్ల దగ్గర అదొక్కటే ఉంది.

రెండు భాగాలు ఒక వైపు, రెండు భాగాలు ఇంకో వైపు. రెండో భాగం నెమ్మదిగా అణగారిపోయాక 'టక్'మని మీట పైకి లేచేది. లేచి, క్యాసెట్ తిప్పి, మళ్లీ మీట నొక్కితే మూడో భాగం ఒక్కసారిగా మీద పడేది. ఆ వర్షాకాలంలో ప్లేయర్ టేపును నమిలేసింది. మూడో భాగంలో ట్రయాంగిల్ గలగల్లాడే చోట నలిగిన ముక్క కత్తిరించేసి సెల్లోటేపుతో అతికించాను. ఇరవై ఏళ్ల తరువాత సీడీ కొన్నప్పుడు సరిగ్గా ఆ చోట ఎప్పుడూ వినని మూడు నాలుగు స్వరాలు వినిపించాయి. నిజం చెబుతున్నాను, క్లైబర్ మీద కోపం వచ్చింది, ఇవెందుకు చేర్చాడని! తప్పు నా కత్తెరదని గుర్తు రావడానికి కాసేపు పట్టింది.

ఇదంతా ఎందుకంటే, మొదట విన్నది చెవిలో అలా కూర్చుంటుంది. తరువాత వచ్చినవాళ్లందరూ దాన్ని చెడగొట్టినవాళ్లలా కనిపిస్తారు. నీకూ ఎవరో ఒకరు ముందుగానే కూర్చుని ఉంటారు, చూసుకో. వాళ్లను లేపి నిలబెట్టి కదా ఇంకొకరిని వినాలి.

"అసలు బ్రామ్స్ ఎలా కోరుకున్నాడో అలా చేసినది ఏది?" అని కూడా అడిగావు. బ్రామ్స్ స్వయంగా పియానో వాయించిన మైనపు సిలిండర్ ఒకటుంది, 1889లో వియన్నాలో ఎడిసన్ మనిషి తీసినది. హంగేరియన్ డాన్సు ముక్క ఒకటి. మూకుట్లో నూనె చిటపటల వెనకాల ఎవరో పియానో వాయిస్తున్నట్టు ఉంటుంది. సింఫనీలకు ఆ మాత్రమూ లేదు, 1897లో ఆయన పోయే నాటికి ఆర్కెస్ట్రాను రికార్డు చేసే స్థితి లేదు. అయితే ఆయన్ని ఎరిగినవాళ్లు ఇద్దరు ఆ తరువాత రికార్డు చేశారు. ఫెలిక్స్ వైన్‌గార్ట్నర్ 1895లో వియన్నాలో రెండవ సింఫనీ చేస్తే బ్రామ్స్ విని, ప్రచురణకర్తకు మెచ్చుకుంటూ రాశాడు. ఆ వైన్‌గార్ట్నర్ 1938-40 మధ్య లండన్‌లో నాలుగూ రికార్డు చేశాడు. గీత గీసినట్టు తిన్నగా పోతాడు, ఎక్కడా సాగదీయడు. రెండోవాడు మాక్స్ ఫీడ్లర్, నువ్వుంటున్న హాంబుర్గ్‌లో 1904 నుంచి 1908 దాకా కండక్టర్. 1930 ప్రాంతంలో బెర్లిన్‌లో రెండు, నాలుగు సింఫనీలు చేశాడు. ఈయన ఒక వాక్యంలోనే రెండుసార్లు నడక మారుస్తాడు. ఇద్దరూ బ్రామ్స్‌ను చూసినవాళ్లే, విన్నవాళ్లే. ఎవరిది బ్రామ్స్ పద్ధతి? ఆ ఇద్దరినీ పక్కపక్కన విన్నాక నేను అసలైనదాన్ని వెతకడం మానేశాను.

ఇక వరసగా చెబుతాను. ఒక్కో సింఫనీలో నేను ఎవరినైనా పరీక్షించే చోటు ఒకటుంది. మొత్తం వినే ముందు అక్కడ రెండు నిమిషాలు వింటాను. పెళ్లిచూపుల్లాంటిదే, కాకపోతే ఇక్కడ ఎంతమందినైనా తిప్పి పంపవచ్చు.

మొదటిది రాయడానికి బ్రామ్స్ ఇరవై ఏళ్లకు పైగా తిప్పలు పడ్డాడు. 1876 నవంబరులో కార్ల్స్‌రూలో మొదటిసారి వినిపించేనాటికి నలభై మూడేళ్లు. బేతోవెన్ తరువాత సింఫనీ రాయడమంటే అంత భయం. ఎత్తుగడలోనే టింపనీ అనే పెద్ద డోలు రోకటి పోటులా ఒకే స్వరాన్ని ఆగకుండా దంచుతుంది. దాని మీద వయొలిన్లు పైకి పాకుతుంటే, ఊదే వాద్యాలు కిందికి జారుతుంటాయి. ఆ పోటు ఎలా ఉందో చూడు. కొందరికి అది వట్టి చప్పుడు. ఫుర్ట్‌వెంగ్లర్ అనే జర్మన్ కండక్టర్ 1951 అక్టోబరు 27న చేసిన దానిలో నేల కదులుతుంది. ఎక్కడ చేశాడనుకున్నావు? మీ ఊళ్లోనే, ఇప్పుడు లైస్‌హాల్ అంటున్న ఆ పాత సంగీతశాలలో, ఉత్తర జర్మనీ రేడియో ఆర్కెస్ట్రాతో. ఆ హాలు ముందున్న కూడలికి ఇప్పుడు బ్రామ్స్ పేరే. ఆయన పుట్టిన ఈ హాంబుర్గే 1862లో ఆయన ఆశపడ్డ కండక్టర్ ఉద్యోగం ఇవ్వకుండా ఇంకొకరికి ఇచ్చింది. గౌరవ పౌరసత్వం ఇవ్వడానికి 1889 దాకా ఆగింది. మన వాళ్లే నయం అనుకోకు, మన వాళ్లూ అంతే.

దానిలోనే చివరి భాగం మొదట్లో, చీకట్లోంచి హార్న్ ఒక్కటి లేస్తుంది. ఆ బాణీని 1868లో తన ఆప్తురాలు, పియానో విద్వాంసురాలు క్లారా షూమన్ పుట్టినరోజుకు, కొండ మీద నుంచీ లోయలో నుంచీ వేయి వందనాలంటూ మాటలు కట్టి, శుభాకాంక్షగా పంపాడు. ఆ వెంటనే, అంతవరకూ మూడు భాగాలపాటు నోరు విప్పకుండా కూర్చున్న ట్రోంబోన్లు అనే ఇత్తడి బూరలు మెల్లగా అందుకుంటాయి. ఫుర్ట్‌వెంగ్లర్ అక్కడ తొందరపడడు. అందుకే మొదటిదానికి ఆయనే. మోనో రికార్డింగే, కొంచెం మసకగా ఉంటుంది, సర్దుకో. ఆయనదే 1945 జనవరిలో బెర్లిన్‌లో చేసినది కూడా ఉంది. బాంబుల మధ్య జరిగిన కచేరీ, చివరి భాగం ఒక్కటే మిగిలింది. అది ఒంటరిగా ఉన్నప్పుడు వినకు.

రెండవది పైకి ఎండ కాసినట్టు ఉంటుంది. 1877 వేసవిలో ఆస్ట్రియాలో వోర్తెర్ సరస్సు ఒడ్డున రాశాడు. ప్రచురణకర్తకు మాత్రం ఇది ఎంత దిగులుదంటే నల్ల అంచు కాగితం మీద అచ్చు వేయాలని వేళాకోళంగా రాశాడు. పూర్తి వేళాకోళమూ కాదు. మొదటి నిమిషం దాటేలోపే టింపనీ గొణుగుతుంది, ట్రోంబోన్లు, ట్యూబా చీకటి పరుస్తాయి. ఇంత వెలుగులో అవెందుకని లాఖ్నర్ అనే కండక్టర్ అడిగితే, తాను దిగులు మనిషినని, నల్లని రెక్కలు తల మీద ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటాయని జవాబు రాశాడు. నా పరీక్ష అక్కడే. బ్రూనో వాల్టర్ 1960లో ఎనభై మూడేళ్ల వయసులో కాలిఫోర్నియాలో చేసినది విను. ఆ నీడను ఒత్తి చూపించడు, దాచడు. మేఘం వచ్చి పోయినట్టు పోనిస్తాడు. ఆయనదే 1953 న్యూయార్క్‌ది ఇంకా వేడిగా ఉంటుంది. మీ నాన్నకు అదే ఇష్టం, దీనిమీద మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరదు.

మూడవదానితోనే కష్టం. నాలుగు భాగాలూ మెల్లగానే ముగుస్తాయి. చివర చప్పట్లు మోగించే హంగామా లేదు, అందుకే కచేరీ చివర దీన్ని పెట్టడానికి వెనకాడతారు. ఎత్తుగడ మాత్రం ఊదే వాద్యాలు కలిసి పలికే రెండు పెద్ద స్వరగుచ్ఛాల మీద ఎగిరి దూకుతుంది. దూకినదాన్ని ఎలా పట్టి నిలబెట్టాలో తెలియక చాలామంది తడబడతారు. నేను విన్నవాళ్లలో దారి తప్పనివాడు ఓటో క్లెంపరర్, 1957లో, లండన్ ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాతో. ఈయన పెరిగిందీ హాంబుర్గ్‌లోనే. తొలి వంతు మళ్లీ వాయించమని బ్రామ్స్ పెట్టిన గుర్తును అందరూ ఎగరగొట్టే రోజుల్లో ఈయన పాటించాడు. మొదటి, రెండవ వయొలిన్లను కుడి ఎడమల్లో ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే రెండు గట్ల మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు తెలుస్తుంది. మొదటిసారి మొరటుగా అనిపిస్తుంది. మూడో భాగంలో చెల్లోల, అంటే గంభీరంగా పలికే పెద్ద వయొలిన్ల, పాటను అందరూ కన్నీళ్లు కార్పిస్తూ సాగదీస్తారు, ఈయన తిన్నగా పాడిస్తాడు. నాకు ఆ తిన్నదనంలోనే ఎక్కువ గుచ్చుకుంటుంది. చివరి పుటలో మొదటి ఎగురు మళ్లీ వచ్చి, ఈసారి ఆకు రాలినట్టు దిగుతుంది. ఆ చోటును ఎవరు ఎలా దించుతారన్నదే నా పరీక్ష.

అంత పేరున్న కండక్టర్ కరాయన్ పేరు రాలేదేమని అడుగుతావు. ఒకసారి కాదు, ఎన్నోసార్లు రికార్డు చేశాడు. అన్నీ వెన్నరాసినట్టు నున్నగా ఉంటాయి. నాకు ఆ నునుపు మీద కాలు జారుతుంది. మనవాడని జుబిన్ మెహతాను పెట్టమంటావేమో. ఆయన కూడా నాలుగూ చేశాడు, కానీ బొంబాయివాడని మార్కులు వేయలేను కదా.

నాలుగవది నీకు తెలుసు. 1884, 85 వేసవుల్లో మ్యూర్ట్‌స్సుష్లాగ్ అనే కొండ ఊళ్లో రాశాడు. అక్కడ చెర్రీలు పండినా తియ్యబడవు, దీనికీ ఆ రుచే వచ్చిందేమోనని స్నేహితుడికి రాశాడు. ఇద్దరు కూర్చుని రెండు పియానోల మీద ముందుగా వినిపించినప్పుడు హాన్స్‌లిక్ అనే విమర్శకుడు, ఇద్దరు మహా తెలివైనవాళ్లు కలిసి తనను చితకబాదినట్టుందని అన్నాడట. నిజమే, చివరి భాగంలో ఎనిమిది స్వరాల వరస ఒక్కటే ముప్పైసార్లు తిరుగుతుంది. పాతకాలపు స్వరకర్త బాహ్ దగ్గర తీసుకున్న వరస. తిరిగిన ప్రతిసారీ కొత్త చీర కట్టుకుని వస్తుంది. మధ్యలో అన్నీ ఆగి ఫ్లూట్ ఒక్కటే దారి తడుముకుంటుంది చూడు, అదే నా చోటు. మైనింగెన్‌లో 1885 అక్టోబరు 25న బ్రామ్స్ స్వయంగా మొదటిసారి చేయించినప్పుడు ఆర్కెస్ట్రాలో యాభైమంది కూడా లేరు. ఆ లెక్కతోనే చార్ల్స్ మకెరాస్ స్కాటిష్ ఛాంబర్ ఆర్కెస్ట్రాతో 1997లో నాలుగూ చేశాడు. ఊదే వాద్యాలు ఒక్కోటీ విడిగా వినిపిస్తాయి, ఫ్లూట్ పక్కగదిలో ఉన్నట్టుంటుంది. బుద్ధి మకెరాస్ అంటుంది. చేయి క్లైబర్ దగ్గరకే పోతుంది. ఆ రికార్డింగులో మెరుపు కొంచెం కరుకు, తొలినాళ్ల డిజిటల్ కదా. అయినా మొదటి భాగం చివరికొచ్చేసరికి నేను స్టవ్ మీద పాలు మరిచిపోయిన రోజులున్నాయి.

క్యాసెట్ పంపమన్నావు. పంపను. నీకు వినడానికి ప్లేయర్ లేదు, నాకు లేకుండా పోతుంది.

వచ్చే నెల నాలుగవది వినడానికి టికెట్ కొన్నానన్నావుగా. రెండో భాగం ముగిశాక అందరూ ఒక్కసారి దగ్గుకుంటారు, కుర్చీల్లో సర్దుకుంటారు. ఆ కాస్తసేపూ నేను ఇక్కడ లేచి క్యాసెట్ తిప్పుతున్నాననుకో.

అమ్మ