పదకొండు గంటల జుంబా ఎందుకు తీసేసిన

అక్కలూ చెల్లెండ్లూ, మన జిమ్ముల పదకొండు గంటల జుంబా డ్యాన్సు క్లాసు తీసేసినందుకు రెండ్రోజుల సంది గ్రూపుల ఒకటే లొల్లి, నేను కావాలనే సప్పుడు చేయలే, కోపంల రాస్తే మాట వేరే తీరుగ పోతదని. ఇయ్యాల రాస్తున్న.

ఆ గంట ఇప్పటి నుంచి రొమ్ము క్యాన్సర్‌కి కీమో నడుస్తున్నోళ్లది. ప్రస్తుతం ఐదుగురు ఉన్నరు. జుంబా సాయంత్రం ఆరున్నరకి, ఫీజు అదే. మూడు నెలలది కట్టి టైం కుదరనోళ్లకి మిగిలిన పైసలు వాపస్ ఇస్త, మొహమాటం వద్దు.

పోయినేడు, నాలుగేండ్ల సంది మన దగ్గరికి వచ్చే అక్క ఒకామె, పేరు చెప్ప, కీమో మొదలైతుందని చెప్పి "సైకిల్ తొక్కొచ్చా మరి?" అని అడిగింది. నేనేదో అన్నీ తెలిసినదాని లెక్క "వద్దక్కా, ఇంట్ల పండుకో, అంతా అయినంక వద్దువు" అని పంపించిన. మంచే చేసిన అనుకున్న. ఎనిమిది కీమోలు అయినంక వచ్చింది, మన గేటు కాడి మూడు మెట్లు ఎక్కనీకి నా భుజం పట్టుకొని రెండుసార్లు ఆగింది. హైదరాబాద్ డాక్టరు కదులుతుండమనే చెప్పిండట, కానీ జిమ్ము నడిపే నేనే వద్దన్న కదా అని ఊకుందట. తిట్టినా బాగుండు, ఒక్క మాట అనలే.

అప్పటి నుంచి చదువుడు, తెలిసిన ఫిజియో మేడంని సతాయించుడు. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం 2022ల గైడ్‌లైన్ ఇచ్చింది, నయం చేసేటందుకు ఇచ్చే ట్రీట్‌మెంట్ నడుస్తుండంగనే నడక లాంటివీ బరువులూ రెండూ చేయమని పేషెంట్లకి చెప్పాలని. కీమో నీరసం పండుకుంటే పోయేది కాదు, కొంచెం కొంచెం కదిలితేనే తగ్గుతది. క్యాన్సర్ పోతదని నేను ఎవ్వరికీ చెప్పలే, చెప్ప. ఆపరేషన్‌ల సంకల గడ్డలు, అంటే లింఫు గ్రంథులు, తీసిన చెయ్యితో బరువు ముట్టొద్దు, వాపొస్తది అంటరు కదా, 2009ల వచ్చిన స్టడీల ట్రీట్‌మెంట్ అయిపోయి చెయ్యి వాపున్న ఆడోళ్లతోనే దగ్గరుండి మెల్లమెల్లగ బరువులు పెంచి చేయిస్తే వాపు పెరగలే. అందుకే మేము అర లీటర్ నీళ్ల బాటిల్‌తో మొదలుపెట్టినం.

ఇగ సైకిళ్ల ముచ్చట. కొన్ని కీమో మందులకి అరికాళ్లు మొద్దుబారుతయి, ట్రెడ్‌మిల్ మీద పడితే నా గతేంది? అందుకని ఎనకకి ఒరిగి కూసొని తొక్కే సైకిళ్లు రెండు చెప్పిన, హైదరాబాద్ డీలర్‌కి నలభై వేలు అడ్వాన్స్ కొట్టిన. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంట రెండు నెలలు తిప్పిండు, ఆఖరికి ఆటో ట్రాలీల దించింది మామూలు సైకిళ్లు, అరచేయంత సీటు, ఒకదానికి పెడలే లేదు. ఫోన్ చేస్తే "పేషెంట్లే కదా మేడం, పది నిమిషాలు కూడ తొక్కరు, ఏదైతే ఏంది" అన్నడు. ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. కిరాయి నేనే పెట్టుకొని వాపస్ పంపిన, ఇంకా పద్నాలుగు వేలు రావాలె, వదల. అప్పటిదాక గోడకి ఆనిచ్చిన ఐదు కుర్చీలే మన మిషన్లు, కూసొని లేసుడు, కూసొని లేసుడు. చూసి నవ్వకండి, మీరు పదిహేనుసార్లు ఆగకుండ చేసి చూడండి.

డాక్టర్ చీటీ లేకుండ ఎవరినీ చేర్చుకోను. రక్తం కౌంట్లు పడిపోయిన వారం సెలవు. జ్వరం 100.4 దాటితే ఇక్కడికి కాదు, అదే పూట ఆస్పత్రికి. ఆ గంటకి నేను రూపాయి తీస్కుంటలేను, "పేషెంట్ల పేరు మీద దుకాణం పెట్టింది" అన్నామెకి ఇదే జవాబు. ఇంకొకామె "మాకు అంటుకోదా" అని అడిగింది. క్యాన్సర్ అంటుకోదు తల్లీ. మన జలుబే వాళ్లకి అంటుకుంటది, అది వాళ్లు తట్టుకోలేరు, దగ్గున్నోళ్లు ఆ టైంల లోపలికి రావొద్దు, మ్యాట్లు తుడవకుండ పోవద్దు.

ఎంతమంది మానేసినా ఆ గంట మారదు.

శనివారం గేటు కాడి మెట్లకి రెయిలింగ్ పెట్టిస్తున్న, వెల్డింగ్ పని ఉంటది, పొద్దుటి బ్యాచోళ్లు ఎనక గల్లీ నుంచి రండి.