సంతకానికి ముందే మాట్లాడాలి

సంపాదకులకు నమస్కారం.

కిందటి వేసవిలో మా నాన్నగారు నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఉండగా, రాత్రి 2 గంటలకు డ్యూటీ డాక్టరు ఒక కాగితం చేతికిచ్చి, వెంటిలేటర్ పెట్టాలో వద్దో అయిదు నిమిషాల్లో చెప్పమన్నారు. అక్కయ్య ఏడుస్తోంది, డల్లాస్‌లోని తమ్ముడు ఫోనెత్తలేదు. నా పెన్ను రాయకపోతే సెక్యూరిటీ అతని దగ్గర అడిగి తీసుకుని సంతకం పెట్టాను. నాన్నగారికి ఏది ఇష్టమో ఆయన మాట్లాడగలిగిన ఆరు నెలల్లో మేమెవరమూ అడగలేదు. అడగడమే అపశకునం అనుకున్నాం.

తాను మాట్లాడలేని స్థితి వస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టే పత్రాన్ని, అంటే ముందస్తు వైద్య ఆదేశాన్ని, రాసుకునే హక్కును 2018లో గుర్తించిన సుప్రీంకోర్టు, 2023లో మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేదని, ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలని నిబంధనలు సడలించింది. తన తరఫున నిర్ణయం తీసుకోవలసిన వారి పేర్లను కూడా అందులో రాయవచ్చు. బిల్లింగ్ కౌంటరులో ప్యాకేజీ గురించి చెప్పినంత ఓపికగా ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు.

జబ్బు ముదరకముందే వైద్యుడు కుటుంబాన్ని కూర్చోబెట్టి, వెంటిలేటర్ వల్ల ఏమవుతుందో, ఏం కాదో వివరించి, రోగి మాటను కేస్ షీటులో రాయాలి. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉన్నటువంటి, రోగి నొప్పిని, బాధను తగ్గించే ఉపశమన చికిత్స విభాగాన్ని మిగతా పెద్దాసుపత్రుల్లోనూ నెలకొల్పాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్