హోటళ్ల డక్టుల్లో జిడ్డుకు బాధ్యులెవరు? అగ్నిమాపక శాఖ డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

జడ్చర్ల నుంచి అడ్డాకుల దాకా 44వ నంబరు హైవే మీదున్న హోటళ్లలో వంటగది చిమ్నీలు, పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ డక్టులు (రేకు గొట్టాలు) కడిగే పని నాది. మా ఊరి పిల్లలు కొందరు నాతో పనిచేస్తారు. ఆ డక్టుల్లో పేరుకునే జిడ్డు అంటుకునే ప్రమాదం మీద మహబూబ్‌నగర్ కలెక్టరేట్ ప్రజావాణిలో దరఖాస్తులు ఇస్తూనే ఉన్నాను. రసీదు చేతికొస్తుంది, జవాబు రాదు. ఫైర్ స్టేషన్‌కు పోతే మున్సిపాలిటీని అడగమంటారు. మున్సిపాలిటీ వాళ్లు ట్రేడ్ లైసెన్స్ వరకే తమ పని అంటారు. ఫుడ్ సేఫ్టీ వాళ్లు తిండి చూస్తాం గానీ డక్టు మాది కాదంటారు. ఎవరి మాట వాళ్లకు సబబే కావచ్చు. ఆ డక్టును చూడాల్సిన బాధ్యత ఎవరో ఒకరికి ఉండాలి కదండీ.

పొయ్యి మీది హుడ్, ఫిల్టర్లు అందరికీ కనిపిస్తాయి. కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టి తీస్తే మెరుస్తాయి, యజమాని సంతోషంగా డబ్బులిస్తాడు. ప్రమాదమంతా ఆ పైనే ఉంది. రేకు డక్టు గోడ దాటి, మెట్ల పక్కనుంచి డాబా మీది మోటారు దాకా పోతుంది. వంపు తిరిగిన ప్రతిచోటా జిడ్డు ఆగుతుంది. స్క్రాపర్‌తో గీకితే పైపొర ముదురు బెల్లం పాకంలా సాగుతుంది, కిందిపొర నల్లగా గట్టిపడి రేకును పట్టుకుని ఉంటుంది. భట్టి నుంచో చైనీస్ కడాయి నుంచో మంట లేచి ఫిల్టర్ దాటిందంటే చాలు, నడుస్తున్న ఫ్యానే దాన్ని పైకి లాక్కుపోతుంది. కంగారులో ఎవరైనా కడాయి మీద నీళ్లు కొడితే మరుగుతున్న నూనె ఎగిరి మంట రెట్టింపవుతుంది. నూనె మంటలకు పనికొచ్చే కె-క్లాస్ సిలిండర్ మా వైపు నేను చూసింది చాలా తక్కువ. ఉంటే గింటే గోడకు దుమ్ము పట్టిన పౌడర్ సిలిండర్ ఒకటి.

డక్టు లోపల కడగాలంటే మధ్యమధ్యలో తలుపులుండాలి. చాలా డక్టులకు ఒక్కటీ ఉండదు. రేకు కోసి తలుపు పెడతామంటే యజమాని ఒప్పుకోడు. ‘హుడ్ కడిగి సర్టిఫికెట్ రాసిచ్చెయ్’ అంటాడు. నేను కాదంటే సగం డబ్బులకే వచ్చి రాసిచ్చేవాళ్లు సిద్ధంగా ఉన్నారు.

అలాంటి ఒక హోటల్ బిల్లు మీద నేను ఇలా రాశాను: ‘హుడ్, ఫిల్టర్లు మాత్రమే కడిగాం. డక్టుకు తలుపులు లేవు, లోపల కడగలేదు.’ కొన్నాళ్లకు ఆ డక్టు అంటుకుంది. దేవుడి దయవల్ల ప్రాణం పోలేదు గానీ వంట మాస్టర్ చేతులు మోచేతుల దాకా కాలాయి. ఎక్కడో ఒడిశా నుంచి బతకడానికి వచ్చిన మనిషి, ఇప్పుడు గరిటె పట్టలేడు. బీమా సర్వేయర్ వచ్చి డక్టు ఎవరు కడిగారని అడిగితే, యజమాని ఆ బిల్లు దాచి నా పేరు చెప్పాడు. నన్ను పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టారు. కార్బన్ కాపీ ఉండబట్టి బయటపడ్డాను. నా దగ్గర పనిచేసే పిల్లలు రేపు సొంతంగా పని మొదలుపెడితే, ఏ కాగితమూ లేకుండా దొరికిపోతారు. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు. తలుపు లేకుండా డక్టు చేసినవాడా, కడిగించని యజమానా, హుడ్ తుడిచిన కూలివాడా, ఎవరు పోవాలి సార్ ఆ జైలుకు?

1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం చూపించి, వాణిజ్య భవనం 15 మీటర్ల ఎత్తుంటేనే ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం) అని నన్ను పంపించేశారు. మా దగ్గరి హోటళ్లు ఒకటి, రెండు అంతస్తులవే. జిడ్డు అంటుకోవడానికి 15 మీటర్లు అక్కర్లేదు, ఒక్క వంపు చాలు. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో 6 మంది, 2025 మేలో హైదరాబాద్ గుల్జార్ హౌజ్ అగ్నిప్రమాదంలో 17 మంది పోయారు. అవి వంటగది మంటలు కావు, నిజమే. కానీ వాళ్ల ప్రాణాలు తీసింది పొగ. ఇక్కడ డక్టు మెట్ల పక్కనుంచే పోతుందని మళ్లీ గుర్తుచేస్తున్నాను.

అమెరికాలో ఎన్ఎఫ్‌పీఏ 96 అనే ప్రమాణం ఉంది. బొగ్గు, కట్టెలతో వండేచోట డక్టును నెలకోసారి, రాత్రింబవళ్లు నడిచే వంటగదుల్లో 3 నెలలకోసారి తనిఖీ చేయాలి. కడిగినవాళ్లు ఏ భాగం కడగలేకపోయారో కూడా రాసివ్వాలి. నేను బిల్లు మీద రాసింది అదే కదా! మా హైవే మీద బొగ్గుల భట్టీలు పగలూ రాత్రీ మండుతున్నాయి, అడిగే నాథుడు లేడు.

దయచేసి భవనం ఎత్తుతో పని లేకుండా హోటళ్ల డక్టులు తనిఖీ చేయించండి. డక్టుకు తలుపులు తప్పనిసరి చేయండి. ఎవరు, ఏ రోజు, ఎక్కడిదాకా కడిగారో ఫొటోలతో సహా కాగితం హోటల్లో ఉండాలని ఉత్తర్వు ఇప్పించండి. మాకు ట్రైనింగ్ ఇచ్చి గుర్తింపు కార్డులివ్వండి, తప్పు చేస్తే అదే కార్డు రద్దు చేయండి. బాధ్యత ఎవరిదో మాత్రం రాతలో ఉండాలి సార్, అది ముఖ్యం. చట్టం మార్చడం మీ ఒక్కరి చేతిలో లేదని తెలుసు. ప్రభుత్వానికి ప్రతిపాదన పంపడం మీ చేతిలో ఉంది.

అప్పటిదాకా కనీసం నా దరఖాస్తులు ఏ శాఖలో, ఎవరి టేబుల్ మీద ఉన్నాయో రాతపూర్వకంగా చెప్పించండి. మీ అధికారులు జడ్చర్ల వస్తే వాళ్లు చెప్పిన హోటల్‌కే వస్తాను, యజమాని ఎదుటే డక్టు విప్పి చూపిస్తాను.

ఇట్లు,
ఎగ్జాస్ట్ డక్టులు కడిగే పనివాడు,
మహబూబ్‌నగర్